క్లేర్ వాజాన్ అసలు ఏం చేశారు, ఎంఎస్సీ రెండో ఏట అటు చూడటం ఆలస్యమా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు ఎంఎస్సీ మ్యాథ్స్ రెండో ఏడు. 2024లో ఫ్రెంచ్ గణితజ్ఞురాలు క్లేర్ వాజాన్‌కి క్రాఫోర్డ్ ప్రైజ్ అనే పెద్ద అంతర్జాతీయ బహుమతి వచ్చిందన్న వార్త చూశారు. కాంప్లెక్స్ ఆల్జీబ్రాయిక్ జామెట్రీ అంటే ఏంటో అని వెతికితే మొదటి పేరాకే తల తిరిగింది. మీ లెక్చరర్ని అడిగితే "అది మనలాంటి వాళ్లకి కాదమ్మా, నెట్ రాసి ఉద్యోగం చూసుకో" అన్నారు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఆవిడ చేసిందేంటో మామూలు మాటల్లో చెప్పగలరా, నాకు 22 వచ్చేశాయి, ఆలస్యమైపోయిందా అని అడిగారు.

నేను ఈ సబ్జెక్టులోనే పీహెచ్‌డీ చేసి, రెండు పోస్ట్‌డాక్‌లు చేసి, ఇప్పుడు పాఠాలు చెప్పుకుంటున్నాను. పెద్ద సిద్ధాంతాలేవీ నిరూపించలేదు. కానీ ఆవిడ పేపర్లతో పదిహేనేళ్లుగా కుస్తీ పడుతున్నాను కాబట్టి కొంత చెప్పగలను. పొడుగవుతుంది, టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు పేరు సంగతి. చాలామంది వోయిసిన్ అంటారు, నేనూ మొదట్లో అలాగే అనేవాణ్ణి. ఫ్రెంచివాళ్లు వాజాఁ అని ముక్కుతో పలుకుతారు, ఆ మాటకి అర్థం పొరుగువాడు. తెలుగులో విభక్తులు తగిలించడానికి వీలుగా వాజాన్ అని రాస్తున్నాను.

ఆవిడ్ని నేను చూసింది మన హైదరాబాద్‌లోనే. 2010 ఆగస్టు 19 నుంచి 27 దాకా హెచ్‌ఐసీసీలో అంతర్జాతీయ గణిత మహాసభలు జరిగాయి, నాలుగేళ్లకోసారి ఫీల్డ్స్ మెడల్స్ ఇచ్చే సభలు అవే. నిర్వాహక సంఘాన్ని నడిపిన ఎం.ఎస్. రఘునాథన్ గారు పుట్టింది మన అనంతపురంలో. పేపర్లన్నీ విశ్వనాథన్ ఆనంద్ ఒకేసారి 40 మంది గణితజ్ఞులతో చెస్ ఆడిన సంగతే రాశాయి, సరే. ఆ సభల్లో ప్లీనరీ ఉపన్యాసాలు, అంటే వేరే సమాంతర కార్యక్రమం ఏదీ లేకుండా అందరూ ఒకే హాల్లో కూర్చుని వినేవి, ఇరవై చిల్లర ఉంటాయి. వాటిలో ఒకటి వాజాన్‌ది, బీజగణిత సమీకరణాల నుంచి పుట్టే ఆకారాల కోహోమాలజీ మీద (కోహోమాలజీ అంటే ఆకారంలో రంధ్రాల్ని లెక్కపెట్టే పద్ధతి అనుకోండి). నేను అప్పుడు పీహెచ్‌డీ రెండో ఏడు. నోట్‌బుక్ తెరిచి ముందు వరసల్లోనే కూర్చున్నాను. మొదటి పావుగంట అర్థమైంది, ఆ తర్వాత రాసుకోవడం మానేసి ఊరికే వింటూ ఉండిపోయాను. ఆ నోట్‌బుక్ ఇంకా ఉంది. అందులో "హాడ్జ్ స్ట్రక్చర్" అన్న మాట కింద మూడు గీతలున్నాయి, ఎందుకు గీశానో అప్పుడు నాకే తెలీదు. ఇప్పుడు చూస్తే ఆ మొత్తం ఉపన్యాసంలో గీయాల్సింది ఆ మాట కిందే.

ఎందుకంటే ఆవిడ నలభై ఏళ్ల పని అంతా ఆ ఒక్క పనిముట్టు చుట్టూనే తిరిగింది. ప్రశ్నలు మారుతూ వచ్చాయి. పనిముట్టు మాత్రం మారలేదు. ఇది మీరు గమనించాల్సిన విషయం, ఎందుకంటే మనవాళ్లలో చాలామంది (నాతో సహా) దీనికి సరిగ్గా తిరగేసి చేస్తాం, పదేళ్లలో ఆరు పనిముట్లు కొని ఏదీ పదును పెట్టం.

జీవితం సంగతి త్వరగా చెప్పేస్తాను. 1962లో పారిస్ దగ్గర సాం-ల్యూ-లా-ఫోరే అనే ఊళ్లో పుట్టారు, పన్నెండు మంది పిల్లల్లో పదో ఆవిడ. నాన్న ఇంజనీరు. హైస్కూల్లో లెక్కలు ఏదో ఆటలా అనిపించేవట, తత్త్వశాస్త్రం, కవిత్వం, బొమ్మలు గీయడం ఇవే ఎక్కువ ఇష్టమట. చిన్నప్పుడే మేధావి అని ఊరంతా చెప్పుకునే కథ ఆవిడది కాదు. 1986లో ఆర్నో బోవిల్ దగ్గర డాక్టరేట్, అదే ఏడు సీఎన్‌ఆర్‌ఎస్‌లో ఉద్యోగం. అది ఫ్రాన్స్ ప్రభుత్వ పరిశోధన సంస్థ. 24 ఏళ్లకి పర్మనెంట్ ఉద్యోగం, పాఠాలు చెప్పాల్సిన నిర్బంధం లేదు, పేపర్ల లెక్క చూపించమని నెత్తిమీద ఎవరూ కూర్చోరు. ముప్పై ఏళ్లు అక్కడే ఉన్నారు. 2016లో సీఎన్‌ఆర్‌ఎస్ గోల్డ్ మెడల్, అదే ఏడు కొలేజ్ ద ఫ్రాన్స్‌లో ప్రొఫెసర్. 1530లో పెట్టిన ఆ సంస్థలో గణితానికి ప్రొఫెసర్‌గా వచ్చిన మొదటి మహిళ ఆవిడే. పరీక్షలు లేవు, డిగ్రీలు లేవు, ఎవరైనా వచ్చి వినొచ్చు. 2020లో అది వదిలేసి తిరిగి సీఎన్‌ఆర్‌ఎస్‌కి వెళ్లిపోయారు. 2017లో యానోష్ కొల్లార్‌తో కలిసి షా ప్రైజ్. 2024లో క్రాఫోర్డ్, గణితంలో దాన్ని అందుకున్న మొదటి మహిళ. భర్త జాన్-మిషెల్ కొరాన్ కూడా పేరున్న గణితజ్ఞుడే, ఆయనది కంట్రోల్ థియరీ. ఐదుగురు పిల్లలు. ఇంట్లో సంబంధాల గురించి మీరు రాశారు కాబట్టి ఈ చివరి ముక్క చెబుతున్నాను, అంతకు మించి ఆ విషయంలో సలహా ఇచ్చే అర్హత నాకు లేదు.

ఇక లెక్కల్లోకి వద్దాం. ఇంటర్లో సమాకలనాల దగ్గర tan(x/2) = t అని పెట్టి లెక్క చేసేవాళ్లం గుర్తుందా? అప్పుడు cos x స్థానంలో (1−t²)/(1+t²), sin x స్థానంలో 2t/(1+t²) వచ్చేవి. అది బట్టీ పట్టిన సూత్రం అనుకున్నాం కానీ దాని వెనక బొమ్మ ఒకటుంది. x²+y²=1 వృత్తం మీద (−1, 0) బిందువు దగ్గర నిలబడి, వాలు t ఉన్న సరళరేఖ గీయండి. ఆ రేఖ వృత్తాన్ని ఇంకొక్క చోట మాత్రమే తగులుతుంది, ఆ రెండో బిందువు నిరూపకాలే పై రెండు భిన్నాలు. t = 1/2 వేస్తే (3/5, 4/5), t = 2/3 వేస్తే (5/13, 12/13). అంటే వృత్తం మొత్తాన్ని ఒక్క t తో, వర్గమూలాలేవీ లేకుండా, చుట్టేసి రావచ్చు. (−1, 0) ఒక్కటే మిగిలిపోతుంది, దాన్ని వదిలేద్దాం. ఇలా చుట్టేసి రాగలిగిన ఆకారాల్ని రేషనల్ అంటారు.

ఏ సమీకరణాలని ఇలా చుట్టేయొచ్చు, వేటిని చుట్టలేం? ఈ సబ్జెక్టుకి ఇది సగం ప్రాణం. వక్రాల విషయం 19వ శతాబ్దంలోనే తేలిపోయింది, తలాలది కాస్టెల్‌నువోవో తేల్చాడు. మూడు డైమెన్షన్ల దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయింది. అది కదిలింది 1970ల మొదట్లో, ఒకరికొకరు సంబంధం లేకుండా మూడు జట్లు మూడు వేరువేరు దారుల్లో: ఇస్కోవ్‌స్కిఖ్, మానిన్ ఒక జట్టు, క్లెమెన్స్, గ్రిఫిత్స్ ఇంకొకటి, ఆర్టిన్, మమ్‌ఫర్డ్ మూడోది. ఈ ఆఖరి జట్టుని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తారు.

ఇప్పుడు హాడ్జ్ స్ట్రక్చర్. పుస్తకంలో నిర్వచనం చదివితే భయమేస్తుంది, నేను చెప్పేది పోలికే, కానీ తప్పు పోలిక కాదు. ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు నేలంతా చుక్కలు పెట్టారనుకోండి, పూర్ణాంకాల చుక్కలు. మధ్యలో ఒక చుక్క మీంచి గీత లాగండి. వాలు 2/3 అయితే మూడు అడుగులు పక్కకి, రెండు పైకి వెళ్లేసరికి ఇంకో చుక్క తగులుతుంది. వాలు √2 అయితే ఊరి చివరిదాకా లాగినా ఇంకో చుక్క తగలదు. ఇప్పుడు ఒక ఆకారంలో ఉన్న రంధ్రాల లెక్క, అంటే టోపాలజీ, ఈ చుక్కలు ఇస్తుంది. రబ్బరులా సాగదీసినా చుక్కలు మారవు. కానీ ఆ ఆకారాన్ని సంకీర్ణ సంఖ్యలతో రాశాం కాబట్టి అదే స్థలంలో కొన్ని దిక్కులు కూడా ఏర్పడతాయి, అవే గీతలు. చుక్కలు పూర్ణాంకాలవి, గీతలు సంకీర్ణ సంఖ్యలవి, గీతలు చుక్కలకి ఎలా వాలి ఉన్నాయన్నదే హాడ్జ్ స్ట్రక్చర్. ఆకారం కొంచెం మారితే గీత వాలు మారుతుంది, చుక్కలు కదలవు.

గీత మీద చుక్క తగలడం అరుదు. తగిలిందంటే దానికి ఏదో కారణం ఉండాలి. ఆ కారణం ఎప్పుడూ బహుపది సమీకరణాలతో రాయగలిగిన ఒక చిన్న ఆకారం లోపల దాగి ఉండటమే అన్నది, మాటల్లో కాస్త సడలింపుతో, హాడ్జ్ కంజెక్చర్ (కంజెక్చర్ అంటే ఇంకా నిరూపణ లేని ఊహ). 1950 సభల్లో హాడ్జ్ చెప్పిన మాట, ఇప్పటికి పది లక్షల డాలర్ల ప్రశ్న. వాజాన్ దాన్ని నిరూపించలేదు. కానీ దాన్ని ఎక్కడిదాకా సాగదీయొచ్చు, ఎక్కడ తెగుతుంది అన్నది ఆవిడ చూపించినంత స్పష్టంగా ఇంకెవరూ చూపించలేదని నా అభిప్రాయం. 2002లోనే, బహుపదుల ఆకారాలు వదిలేసి కొంచెం విశాలమైన కేలర్ ఆకారాలకి ఈ కంజెక్చర్‌ని పొడిగిస్తే అది తప్పిపోతుందని ఉదాహరణతో చూపించారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది 2004లో ఇన్వెన్షియోనెస్ అనే గణిత పత్రికలో వచ్చిన పేపరు, కాబట్టి అక్కడ కాస్త ఆగుతాను. ప్రశ్న ఇది. కేలర్ ఆకారాలన్నీ బహుపదులతో రాయగలిగినవి కావు. కానీ రెండు డైమెన్షన్లలో (ఇక్కడ లెక్క సంకీర్ణ డైమెన్షన్లలో) కొడైరా 1960లలో ఒక మంచి విషయం చూపించాడు: అలాంటి ఏ తలాన్నైనా మెల్లగా కదిలిస్తే బహుపదులతో రాయగలిగిన దాని దగ్గరికి చేరుతుంది. కాబట్టి టోపాలజీ కళ్లతో చూస్తే రెండింటికీ తేడా లేదు. పై డైమెన్షన్లలో కూడా అంతేనా? దాదాపు నలభై ఏళ్లు జనం అంతే అయ్యుంటుందనుకున్నారు. వాజాన్ కాదన్నారు, 4 డైమెన్షన్ల నుంచి పైన ప్రతి డైమెన్షన్లోనూ కాదు.

ఎలాగో ఒక లెక్కతో చూపిస్తాను, ఇది మీరు పెన్సిల్‌తో సరిచూసుకోవచ్చు. x⁴ − x + 1 = 0 తీసుకోండి. వాస్తవ మూలాలు లేవు (కనిష్ఠ విలువ లెక్కకట్టండి, సున్నాకి పైనే ఉంటుంది). కాబట్టి నాలుగు సంకీర్ణ మూలాలు, రెండు సంయుగ్మ జతలు. దీని గాల్వా గ్రూప్ మొత్తం S₄, డిస్క్రిమినెంట్ 229, అది వర్గం కాదు. ఇప్పుడు ఈ బహుపదికి కంపానియన్ మాట్రిక్స్ రాయండి, 4×4, అన్నీ పూర్ణాంకాలే. దాన్ని φ అందాం. ప్రతి జతలోంచి ఒక మూలాన్ని ఎంచుకుంటే నాలుగు వాస్తవ డైమెన్షన్ల స్థలం రెండు సంకీర్ణ డైమెన్షన్ల స్థలం అవుతుంది, పూర్ణాంక చుక్కలతో దాన్ని మడిచేస్తే ఒక టోరస్ వస్తుంది, దాన్ని T అందాం. టోరస్ అంటే ఏం లేదు, గారె. గారె పైతోలు రెండు డైమెన్షన్లు, ఇది నాలుగు, అంతే తేడా.

ఈ T బహుపదులతో రాయగలిగినదైతే, దాని రెండో కోహోమాలజీలో సరైన గీత మీద కనీసం ఒక చుక్క తగలాలి. ఆ స్థలం మీద φ పనిచేసినప్పుడు వచ్చే ఐగన్‌విలువలు మూలాల్ని రెండేసి గుణిస్తే వచ్చే ఆరు లబ్ధాలు. గాల్వా గ్రూప్ S₄ కాబట్టి ఆ ఆరూ ఒకదాని చోటికి ఒకటి వెళ్లిపోతూ ఉంటాయి, వాటిలో ఏ గుంపునీ విడదీయలేం. కాబట్టి గీత మీద ఒక్క చుక్క ఉన్నా చుక్కలన్నీ ఆ గీత మీదే ఉండాలి. కానీ ఆరింటిలో కొన్ని వేరే దిక్కుకి చెందినవని మనకి ముందే తెలుసు, మనం మూలాలు ఎంచుకున్నప్పుడే అది ఖాయమైపోయింది. కాబట్టి ఒక్క చుక్క కూడా తగలదు. T మీద ఒక్క బీజగణిత వక్రం కూడా లేదు. ఎంఎస్సీలో మీరు చదివిన గాల్వా థియరీయే ఇది, అదనంగా ఏమీ లేదు.

ఇది సగమే. T ని కదిలిస్తే వాలు మారి బహుపదుల టోరస్ అయిపోతుంది, కాబట్టి టోపాలజీకి ఈ తేడా ఇంకా కనిపించదు. ఇక్కడే ఆవిడ తెలివి. T×T తీసుకున్నారు, అందులో నాలుగు టోరస్‌లున్నాయి: T×0, 0×T, వికర్ణం అంటే (x, x) లన్నీ, ఇంకా φ గ్రాఫ్ అంటే (x, φ(x)) లన్నీ. ముందు ఇవి ఒకదాన్నొకటి తాకే బిందువుల దగ్గర, తర్వాత వీటి వెంబడి బ్లో-అప్ చేశారు. బ్లో-అప్ అంటే ఆ చోటుని కోసి, ప్రతి బిందువు దగ్గర అన్ని దిక్కులూ విడివిడిగా కనిపించేలా తెరిచి కుట్టడం. ఆ కుట్టు గుర్తులు కోహోమాలజీ గుణకారంలో శాశ్వతంగా పడిపోతాయి. ఇప్పుడు ఈ ఆకారాన్ని రబ్బరులా ఎంత సాగదీసినా కుట్లు పోవు, కుట్లు ఉన్నంతకాలం φ ఉంటుంది, φ ఉన్నంతకాలం పైన చెప్పిన గాల్వా లెక్క వదలదు. అదే కోహోమాలజీ రింగ్ ఉన్న ఏ కేలర్ ఆకారమూ బహుపదులతో రాయగలిగినది కాదు. T కి రెండు సంకీర్ణ డైమెన్షన్లు, T×T కి నాలుగు, అందుకే ఆ 4.

నేను దీన్ని మొదటిసారి అర్థం చేసుకున్నప్పుడు కుర్చీలోంచి లేచి వరండాలో అటూ ఇటూ తిరిగాను. పెద్ద యంత్రాలేవీ లేవు, ఒక మాట్రిక్స్, నాలుగు టోరస్‌లు. ఇది ఎవరికైనా తట్టొచ్చు అనిపిస్తుంది, నలభై ఏళ్లు ఎవరికీ తట్టలేదు.

గ్రీన్ కంజెక్చర్ గురించి రెండు ముక్కలే చెప్తాను. వక్రాన్ని సమీకరణాలతో రాస్తాం, ఆ సమీకరణాల మధ్య సంబంధాలుంటాయి, ఆ సంబంధాల మధ్య మళ్లీ సంబంధాలు. ఆ మెట్లు ఎంతదాకా పద్ధతిగా నడుస్తాయో వక్రం ఆకారమే నిర్ణయిస్తుందని మార్క్ గ్రీన్ 1984లో అన్నాడు. సాధారణ వక్రాలకి దాన్ని వాజాన్ రెండు పేపర్లలో నిరూపించారు, సరి జీనస్‌కి (జీనస్ అంటే వక్రంలోని రంధ్రాల సంఖ్య) 2002లో, బేసి జీనస్‌కి 2005లో. వక్రాల్ని నేరుగా కాకుండా కే3 అనే ఒక రకం తలాల మీద కూర్చోబెట్టి పట్టుకున్నారు. ఆ పేపర్లు నేను లైను లైనూ చదవలేదు, ఒప్పుకుంటున్నాను.

మళ్లీ వృత్తం దగ్గరికి వద్దాం. ఆవిడ యాభై దాటాక చేసిన పని ఇది, "గణితం కుర్రాళ్ల ఆట" అనే వాళ్లకి నేను ఎప్పుడూ చూపించేది ఇదే. ఆకారం X తీసుకుని X×X లో వికర్ణం చూడండి. X మామూలు ప్రక్షేప స్థలం లాంటిదైతే ఆ వికర్ణం రెండు ముక్కలుగా విడిపోతుంది, ఒకటి X × బిందువు, రెండోది X లో ఒక చిన్న భాగం మీదే ఉండేది. దీన్ని 1983లో స్పెన్సర్ బ్లాక్, మన ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ శ్రీనివాస్ గారు కలిసి రాసిన పేపర్ ఒక ఆయుధంగా మార్చింది, అయితే వాళ్లు భిన్నాలు అనుమతించారు. భిన్నాలు వద్దు, పూర్ణాంకాలతోనే విడగొట్టండి అంటే ఏమవుతుందని వాజాన్ అడిగారు. X రేషనల్ అయితే పూర్ణాంకాలతో విడిపోవాల్సిందే, కొంచెం వదులుగా స్టేబ్లీ రేషనల్, అంటే కొన్ని అదనపు చరరాశులు కలిపితే రేషనల్ అయ్యేది, అయినా చాలు.

2015 పేపర్లో ఆవిడ తీసుకున్న ఆకారాలు w² = f, ఇక్కడ f నాలుగో డిగ్రీ బహుపది, మూడు డైమెన్షన్ల స్థలం మీద. ఇందాక గుర్తుపెట్టుకోమన్న ఆర్టిన్, మమ్‌ఫర్డ్ వచ్చేది ఇక్కడే. వాళ్ల 1972 ఉదాహరణ ఇదే కుటుంబంలోది, కాకపోతే పది చోట్ల ముడిపడి చెడిపోయిన సభ్యుడు, ఆ ముడులు విప్పి చూస్తే లోపల 2తో గుణిస్తే మాయమయ్యే ఒక చిన్న మూలకం ఉంటుంది. భిన్నాలు అనుమతిస్తే అది కనిపించదు, పూర్ణాంకాలతో చూస్తేనే అడ్డం పడుతుంది. వాజాన్ చూపించింది ఏంటంటే, కుటుంబంలో మామూలు సభ్యుడి వికర్ణం విడిపోతే ఆ విడిపోవడం చెడిపోయిన సభ్యుడి దాకా పాకాలి, అక్కడ ఆ చిన్న మూలకం ఒప్పుకోదు, కాబట్టి మామూలు సభ్యుడి దగ్గరా విడిపోలేదు. ముడులు అసలు లేనివే కాదు, ఏడు దాకా ఉన్నవాటికి కూడా ఇది వర్తిస్తుంది. నలభై ఏళ్లుగా ఆర్టిన్-మమ్‌ఫర్డ్ ఉదాహరణ ఒక వింతలా అల్మరాలో ఉండిపోయింది, ఆవిడ దాన్ని తీసి మొత్తం కుటుంబానికి సాక్షిగా నిలబెట్టారు. ఆ తర్వాత తలుపు బార్లా తెరుచుకుంది: కొలియో-టెలెన్, పిరుట్కా, టొటారో, హాసెట్, చింకెల్, ష్రైడర్, ఏటేటా ఒక పెద్ద ఫలితం. ఐదేళ్లలో అంత కదలిక వచ్చిన ప్రాంతం ఈ సబ్జెక్టులో నేను ఇంకోటి చూడలేదు.

సరే, మీ అసలు ప్రశ్న. ఆలస్యం కాలేదు. కానీ మీ లెక్చరర్ గారు చెప్పినదాంట్లో ఒక ముక్క నిజం, అది ఆయన అనుకున్న ముక్క కాదు. మనలాంటి వాళ్లకి తెలివి చాలదని కాదు, మనకి 24 ఏళ్లకి సీఎన్‌ఆర్‌ఎస్ లాంటి కుర్చీ దొరకదు. ఇక్కడ లెక్క ఇలా ఉంటుంది: పీహెచ్‌డీ ఐదారేళ్లు, జేఆర్‌ఎఫ్ (పరిశోధన భృతి) నెలకి 37,000, ఆ తర్వాత రెండు మూడు ఊళ్లలో పోస్ట్‌డాక్, అప్పటికి 32 దాటుతాయి, అప్పుడు ఉద్యోగాల వేట. నాకు పర్మనెంట్ ఉద్యోగం వచ్చేసరికి 35. మధ్యలో ఒకచోట ఇంటర్వ్యూ అయ్యాక ఎనిమిది నెలలు జవాబు రాలేదు, ఫోన్ చేస్తే ఆ పోస్టే రద్దయిందన్నారు. ఇంట్లో వాళ్లకి ఇవన్నీ ముందే చెప్పండి, దాచితే తర్వాత ఇంకా టెన్షన్.

అలాగని ఇక్కడ ఈ సబ్జెక్టు లేదని కాదు. నరసింహన్, శేషాద్రి 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్‌లో నిరూపించిన సిద్ధాంతం ప్రపంచంలో ఈ రంగంలో ఉన్న ప్రతివాళ్లకీ తెలుసు. ఇప్పటికీ ముంబైలో టాటా, చెన్నైలో సీఎంఐ (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్), ఐఎంఎస్‌సీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్), ఇవి గట్టి చోట్లు. నెట్ రాయండి, తప్పులేదు, దాంతోపాటు ఎన్‌బీహెచ్‌ఎం (నేషనల్ బోర్డ్ ఫర్ హయ్యర్ మ్యాథమెటిక్స్) పీహెచ్‌డీ స్కాలర్‌షిప్ పరీక్ష కూడా రాయండి, అందులో బట్టీ పనిచేయదు కాబట్టి మీకు ఈ సబ్జెక్టు సరిపడుతుందో లేదో కూడా కొంత తెలిసిపోతుంది.

చదవడం విషయంలో నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. మొదటి ఏడాదిన్నర నేను ఈ రంగంలో అందరి బల్ల మీదా ఉండే ఆ పసుపు అట్ట పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి వరసగా చదివాను. స్కీములు, షీఫులు లాంటి అందులోని పరిభాషంతా నిర్వచించగలిగేవాణ్ణి. ఒకసారి సెమినార్లో ఒక పెద్దాయన "నీకు బాగా తెలిసిన తలం ఒకటి చెప్పు బాబూ" అన్నారు. ఒక్కటీ నోట్లోకి రాలేదు. ఆయన నవ్వలేదు కూడా, పక్కనున్న కుర్రాణ్ణి అడిగారు. ఆ రోజు రాత్రి నుంచి రివర్స్‌లో మొదలెట్టాను: ముందు రీమన్ సర్ఫేసులు, ముందు గారె, దాని మీద ప్రమేయాలు చేత్తో రాయడం, ఆ తర్వాతే యంత్రాలు. వాజాన్ హాడ్జ్ థియరీ మీద రాసిన రెండు సంపుటాలు కేంబ్రిడ్జ్ వాళ్లు ఇంగ్లిష్‌లో వేశారు, బాగుంటాయి, కానీ సులువు కాదు. మొదటి సంపుటం పీహెచ్‌డీ మొదటి ఏడు పెట్టుకోండి. ఇప్పుడే తెరిస్తే మళ్లీ తల తిరుగుతుంది.

ఇప్పటికి ఈ వారం ఒక పని చేయండి. y² = x³ + x² తీసుకుని, మూలబిందువు మీంచి y = tx గీయండి. x = t² − 1, y = t³ − t వస్తాయి, అంటే చుట్టేయగలిగాం. ఇప్పుడు y² = x³ − x తీసుకుని అదే పని చేయండి. ఈసారి √(t⁴ + 4) అడ్డం పడుతుంది. మీరు వేరే బిందువు ఎంచుకుని చూస్తారు, అక్కడా పోదు. నిలువు గీతలు, వంకర గీతలు, ఏవైనా వేసి చూడండి. కనీసం రెండు రోజులు దాంతో కూర్చుని, అది ఎందుకు పోవట్లేదని మీకనిపిస్తోందో మీ మాటల్లో అరపేజీ రాసి నాకు పంపండి. గారె అన్న మాట అందులో దానంతట అదే వస్తుందో లేదో చూస్తాను.